ఎంతమందికి వండాలో కాగితం మీద ఉండాలె

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్న. రెండు వందల మందికి వండుమంటే నాకు భయం లేదు గాని, రెండు వందల మంది ముందట మైకు పట్టుకోమంటే కాళ్లు వణుకుతున్నయి. తప్పులుంటే మన్నించండి. ఫంక్షన్ ఆర్డర్లు, కంపెనీ ఆర్డర్లు మా సంఘం ఎట్ల చేస్తున్నదో చెప్పమన్నరు. లాభం వచ్చిన ముచ్చట్లు అందరూ చెప్తరు. నేను నష్టం వచ్చిన ముచ్చట కూడా చెప్త, ఎందుకంటే మేము నేర్చుకున్నది అందులోనే.

మా సంఘంలో పది మందిమి. అందులో ఆరుగురం ఇంతకుముందు ఫంక్షన్ హాళ్లల్ల గిన్నెలు కడిగే పనికి పోయినోళ్లమే. మీకు తెలియంది కాదు, మన ఊళ్లకు ఒక దిక్కు నాగ్‌పూర్ హైవే, ఇంకో దిక్కు కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, నడుమ ఔటర్ రింగు రోడ్డు. రోడ్లు పడ్డంక పొలాలు ప్లాట్లయినయి. ప్లాట్లు కానివి ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, ఫాంహౌజులు అయినయి. తుర్కపల్లి దిక్కు జీనోమ్ వ్యాలీ కంపెనీలు, మేడ్చల్ దిక్కు ఫ్యాక్టరీలు. 2022 ఆగస్టుల అంతాయిపల్లిలో కొత్త కలెక్టరేటు మొదలయినంక ఆఫీసు మీటింగులు కూడా ఇటే జరుగుతున్నయి. అంటే మన చుట్టూ రోజూ ఎవరో ఒకరు, ఎక్కడో ఒక దగ్గర, వంద మందికి భోజనం పెట్టిస్తున్నరు. మనం మాత్రం ఆ భోజనాలైనంక ప్లేట్లు కడగడానికే పోయేటోళ్లం.

అయితే ఆ పని ఊకనే పోలేదు. ఏ కూరకు మనుషులు రెండోసారి వస్తరు, ఏది ప్లేటుల సగం వదిలేస్తరు, ఏ స్వీటు డబ్బాలకు డబ్బాలు మిగులుతది, ఇదంతా కడిగేటోళ్లకే తెలుస్తది. వడ్డించేటోళ్లకు కూడా అంత తెల్వది. కాలీఫ్లవర్ వేపుడు ప్లేటుల ఎప్పుడూ మిగలదు. సలాడు ఎప్పుడూ మిగులుతది. మేము మెనూ రాసేటప్పుడు పుస్తకాలు చూడం, ఆ ప్లేట్లే గుర్తు చేసుకుంటం.

2024ల సచివాలయంల ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలు పెట్టిండ్రని టీవీలో చూసినం. సంఘం ఆడోళ్లే నడుపుతున్నరట. అప్పుడు మా సంఘం మీటింగులో ఒక అక్క అన్నది, "క్యాంటీను మనకు ఇస్తరో ఇయ్యరో, ఫంక్షన్లయితే మన గేటు ముందటనే ఉన్నయి గదా" అని. అట్ల మొదలయింది. సంఘం నుంచి అంతర్గత రుణం తీసుకొని రెండు పెద్ద గుండిగెలు, బగోనలు, గంటెలు, జాలిగంటెలు, రెండు పెద్ద స్టవ్వులు కొన్నం. మిగిలిన సామాను టెంటు హౌజులో కిరాయికి తెస్తం. ఇప్పటికీ అంతే. అప్పు చేసి అన్నీ ఒకేసారి కొనొద్దు, నెలకు నాలుగు ఆర్డర్లు వచ్చేదాక కిరాయే మంచిది.

ఇగ నష్టం ముచ్చట. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు సగం మాదే.

మేడ్చల్ దిక్కు ఒక కంపెనీ వార్షికోత్సవం. ఆఫీసు నుంచి ఒక మేడం ఫోన్ చేసి, "రెండు వందల యాభై మంది అక్కా, మంచిగ చేయండి" అన్నది. ప్లేటుకు 220 రూపాయలు మాట్లాడుకున్నం. 55,000 బిల్లు. పదివేలు అడ్వాన్సు ఇచ్చిండ్రు. అంతా ఫోనుల మాటే. బగారన్నం, చికెన్, పప్పు, వంకాయ, పెరుగు, డబల్ కా మీఠా. యాభై ఎక్కువొచ్చినా సరిపోయేటట్టు చేసినం.

పన్నెండున్నరకు భోజనం అన్నరు. సార్ల ఉపన్యాసాలు ఒకటిన్నర దాక నడిచినయి. అప్పుడు ఒక్కసారే అందరూ లైనుకు వచ్చిండ్రు. చూస్తే కాంట్రాక్టు పనోళ్లు, డ్రైవర్లు, సెక్యూరిటీ, పక్క యూనిట్ వాళ్లు, అందరూ ఉన్నరు. వాళ్లను లెక్కల చెప్పనే లేదు. ఆ మేడం దృష్టిల స్టాఫు అంటే రోల్సు మీద ఉన్నోళ్లే. గేటు కాడ నిలబడ్డ సెక్యూరిటీ తమ్ముడికి ఆకలి కాదా?

రెండుంబావుకు చికెన్ అయిపోయింది. ఇంకా అరవై మంది దాక లైనుల ఉన్నరు. నా చేతులు చల్లబడ్డయి. మా సంఘంల పెద్దమ్మ ఉన్నది, యాభై ఐదేండ్లు ఉంటయి, ఆమె ఒక్క మాట అనకుండ రోడ్డు మీది కిరాణంకు పోయి ఐదు ట్రేల గుడ్లు ఉద్దెర తెచ్చింది. ఒక దిక్కు అన్నం ఎసరు, ఒక దిక్కు గుడ్లు. ఇరవై ఐదు నిమిషాలల్ల టమాట గుడ్డు కూర లైనుకు వచ్చింది. ఆఖరుకు తిన్న డ్రైవరన్నలు గుడ్డు కూరనే బాగుందన్నరు. ఆకలితోటి ఎవరూ పోలేదు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగ చెప్పుకుంటం.

బిల్లు కాడికి వచ్చేసరికి కథ మారింది. మేము 400 ప్లేట్లు తీసుకపోయినం, 62 మిగిలినయి. అంటే 338 ప్లేట్లు. నేను 338కి బిల్లు రాసిన. అకౌంట్సు సారు, "మా మెయిల్‌లో 250 అనే ఉన్నది, ఒక్కొక్కరు రెండు ప్లేట్లు తీసుకున్నరేమో" అన్నరు. ఏం జవాబు చెప్తం? మా దగ్గర ఒక్క అక్షరం రాసి లేదు. 88 ప్లేట్లు, 19,360 రూపాయలు పోయినయి.

మిగిలిన 45,000 అయినా తొందరగ ఇస్తరనుకుంటే 97 రోజులు పట్టింది. పోయినప్పుడల్లా ఆటో కిరాయి. ఆఖరుకు ఖాతాల పడ్డది 34,000. పదకొండు వేలు ఎక్కడ పోయినయని అడిగితే టీడీఎస్ అన్నరు. అక్కలారా, ఇది జాగ్రత్తగ వినండి. కంపెనీ మనకు ఒక బిల్లు మీద 30,000 దాటి ఇస్తే పన్ను ముందే కోయాలని చట్టం. క్యాటరింగు కూడా అందులోకే వస్తుంది. ఒక మనిషి పేరు మీద బిల్లయితే నూటికి ఒక రూపాయి, సంఘం లాంటి వాటి పేరు మీద అయితే నూటికి రెండు రూపాయలు. కాని పాన్ కార్డు నంబరు ఇయ్యకపోతే నూటికి ఇరవై కోస్తరు. మా సంఘానికి బ్యాంకు ఖాతా ఉండె, పాన్ కార్డు లేకుండె. రెండు శాతం అయితే 1,100 పోయేది. పాన్ లేనందుకు 11,000 పోయినయి. పాన్ ఉంటే కోసిన పైసలు కూడా పన్ను రిటర్ను వేసి అడగొచ్చు. పాన్ లేకుంటే మన పేరు మీద కట్టినట్టే కనపడదు.

ఖర్చు 51,600 అయింది, చేతికి వచ్చింది 44,000. ఏడు వేల ఆరు వందలు నష్టం, పది మంది రెండు రోజుల కష్టం ఉత్తగనే పోయింది. కిరాణం ఉద్దెర కట్టడానికి ఇద్దరు అక్కలు చెవుల కమ్మలు కుదువ పెట్టిండ్రు. ఆ నెల మీటింగుల ఎవరూ నన్ను ఏమనలేదు. అనకపోవుడే నాకు ఎక్కువ బాధ అయింది.

అప్పటి సంది మేము ఆర్డరు తీసుకునే తీరు మారింది.

ఇప్పుడు ఫోన్ వస్తే, రేటు ఎంత అని వాళ్లు అడిగేలోపే మేము అడుగుతం: భోజనానికి ఎవరెవరు వస్తరు? స్టాఫు ఎంతమంది, కాంట్రాక్టు పనోళ్లు ఎంతమంది, డ్రైవర్లు, సెక్యూరిటీ, హౌజ్‌కీపింగు ఎంతమంది, బయటి అతిథులు ఎంతమంది? ఫ్యామిలీ డే అయితే పిల్లలెంతమంది? ఒక్కొక్కటి విడిగ అడిగితేనే అవతలోళ్లకు కూడా గుర్తుకొస్తది. అందరూ కలిపి ఎంత అంటే నోటికొచ్చిన అంకె చెప్తరు. రెండో ప్రశ్న, పైసలు ఇచ్చేది ఎవరు? కంపెనీలల్ల ఆర్డరు చెప్పే మేడం వేరు, పైసలిచ్చే అకౌంట్సు సారు వేరు. మేడం ఎంత మంచిదైనా సంతకం సారుదే. అందుకని వాళ్ల ఆర్డరు కాగితం, పీవో అంటరు, అది వచ్చేదాక మేము సామాను కొనం.

మా వైపు నుంచి ఒక కాగితం ఇస్తం. ఒక్కటే పేజీ. అందులో తారీకు, జాగా, వడ్డన మొదలయ్యే టైము, మెనూ రాస్తం. తర్వాత ముఖ్యమైన మాట: "కనీసం ఇంతమంది". అంతకు తక్కువ వచ్చినా ఆ సంఖ్యకు బిల్లు ఇయ్యాలి. నూటికి పది మంది ఎక్కువొస్తే అదే రేటుకు పెడతం, దానికి సరిపోను వండుతం. అంతకన్నా ఎక్కువొస్తే, మా దగ్గర ఉన్నంత వరకు, ప్లేటుకు నాలుగో వంతు రేటు ఎక్కువ. ఆఖరు సంఖ్య మూడు రోజుల ముందు చెప్పాలి, ఆ తర్వాత తగ్గించొద్దు. అడ్వాన్సు సగం. నీళ్లు, కరెంటు, టేబుళ్లు, చెత్త తీసుడు ఎవరి బాధ్యతనో అదే పేజీ మీద ఉంటది. కింద సంఘం పాన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు. వాళ్ల సంతకం, పేరు, హోదా.

లెక్క గొడవ రాకుండ ప్లేట్లను వాళ్ల మనిషి ముందట లెక్కబెట్టి లైనుల పెడతం, అయినంక మిగిలినవి మళ్లీ ఆ మనిషి ముందటనే లెక్కబెడతం, చిన్న కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టుకుంటం. కొన్ని కంపెనీలు టోకెన్లు ఇస్తయి, అది ఇంకా మంచిది, టోకెన్లు లెక్కబెడితే అయిపాయె.

ఇట్ల అడిగితే ఆర్డరు పోతదేమోనని మేమూ భయపడ్డం. ఒకటి రెండు పోయినయి కూడా. కాగితం అడిగితే పోయే ఆర్డరు, రేపు పైసలు కూడా ఇట్లనే తిప్పిస్తదని మేము అనుకున్నం.

కంపెనీలు ఇంకో మాట అంటయి, "జీఎస్టీ బిల్లు ఉందా అమ్మా?" అని. మన పని ఏడాదికి 20 లక్షలు దాటేదాక జీఎస్టీ నంబరు తీసుకోవాల్సిన పని లేదు. ఆ మాట ధైర్యంగ చెప్పొచ్చు. ఫుడ్ సేఫ్టీ నంబరు మాత్రం ఉండాలె, ఎఫ్ఎస్ఎస్ఏఐ అంటరు. మన పనికి రిజిస్ట్రేషన్ సరిపోతదా, లైసెన్సు కావాల్నా, ఫీజెంత అనేది జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసుల అడిగి తీసుకోండి, బ్రోకర్ల చేతుల పెట్టొద్దు. ఉద్యం రిజిస్ట్రేషన్ అని ఇంకొకటి ఉన్నది. ఆన్‌లైన్‌ల ఉత్తగనే, ఒక్క రూపాయి ఫీజు లేదు. అది ఎందుకంటే, 2006 నాటి చట్టం ఒకటుంది. చిన్న వ్యాపారుల దగ్గర పని చేయించుకున్న కంపెనీ, ఒప్పందంల ఎన్ని రోజులు రాసుకున్నా 45 రోజులకు మించకుండ పైసలు ఇయ్యాలి. ఒప్పందం లేకుంటే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. మా 97 రోజులప్పుడు ఈ సంగతి మాకు తెల్వకపాయె. ఇప్పుడు మా బిల్లు కింద ఉద్యం నంబరు అచ్చు వేయించినం. కొట్లాడుడు అవసరం రాలేదు, నంబరు చూసినంక అకౌంట్సు సార్ల మాటతీరే మారింది.

జీనోమ్ వ్యాలీ కంపెనీల పని అయితే ముందుగ ఒకసారి పోయి జాగా చూడాలె. మందుల కంపెనీలల్ల మంట పెట్టనియ్యరు, లోపల మంటకు అంటుకునే రసాయనాలుంటయి. మన స్టవ్వు, సిలిండరు గేటు దాటదు. కాబట్టి బయట వండి తీసుకపోవాలి. గేటు కాడ మనుషుల పేర్లు, ఆధార్, బండి నంబరు ముందు రోజే ఇయ్యకపోతే బిర్యానీ గేటు కాడనే చల్లారుతది. మేము ఒకసారి నలభై నిమిషాలు ఆగినం. చల్లారిన కూర వడ్డించొద్దు. వేడి 60 డిగ్రీలకు తగ్గకుండ ఉండాలె, తగ్గి రెండు గంటలయితే కూరల పురుగుమందు కలిసినట్టే అనుకోండి. చిన్న థర్మామీటరు దొరుకుతది, కొనుక్కోండి. చెయ్యి పెట్టి చూసుడు లెక్క కాదు. ఇంకో సంగతి, సిలిండరు ఎప్పుడైనా కమర్షియల్‌దే వాడాలె, 19 కిలోలది. ఇంటి సిలిండరు పట్టుబడితే కేసయితది.

దారి కూడా లెక్కల ఉండాలె. కొంపల్లి దిక్కు ఫ్లైఓవర్ పనులున్నన్ని రోజులు అర్ధగంట దారికి గంటన్నర పెట్టుకోవాలె. వడ్డన టైము నుంచి వెనక్కి లెక్కబెడతం. పన్నెండున్నరకు వడ్డన అంటే పదకొండున్నరకు అక్కడ ఉండాలె, పదింటికి బండి కదలాలె, తొమ్మిదిన్నరకు మూతలు పెట్టాలె, అంటే పొద్దున నాలుగింటికి పొయ్యి వెలగాలె. ఉపన్యాసాలు లేటయితే ఏం చేస్తరు? బజ్జీలు, వేపుళ్లు, పూరీల లాంటివి ఆఖరు సారు మైకు పట్టుకున్నంకనే నూనెల వేయాలి. అప్పటిదాక పిండి కలపొద్దు. ఇది చిన్న మాట, కాని దీనితోనే మా పేరు నిలబడ్డది.

అందరూ అడిగేది, వంద మందికి ఎంత వండాలె అని. మా లెక్క చెప్త, మీ చేతి లెక్క వేరే ఉండొచ్చు. మధ్యాహ్నం నాన్‌వెజ్ భోజనానికి, బగారకు ఎనిమిది కిలోల బాస్మతి, తెల్లన్నానికి ఐదు కిలోల సన్నబియ్యం. చికెన్ పదిహేడు కిలోలు. కందిపప్పు మూడు కిలోలు. పెరుగు పది లీటర్లు, ఎండకాలం అయితే పన్నెండు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఆరు. ఫ్యాక్టరీల నిలబడి పని చేసేటోళ్లయితే అన్నం పావు వంతు పెంచాలె. ఆఫీసుల కంప్యూటర్ల ముందట కూసునేటోళ్లయితే అన్నం మిగులుతది, వేపుళ్లు అయిపోతయి. రాత్రి భోజనానికి అన్నం తగ్గించి రొట్టెలు పెంచాలె. ఫ్యాక్టరీలల్ల బీహార్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువున్నరు, వాళ్లకు మన పులుపు, కారం పడదు. ఆలుగడ్డ కూర ఒకటి కారం తక్కువేసి పెట్టండి. ఆ పిల్లలు ప్లేటు పట్టుకొని ఎటుపోవాల్నో తెల్వక చూస్తరు, నాకు మా అన్న కొడుకు దుబాయిల ఎట్ల తింటున్నడో అని గుర్తొస్తది.

కొన్ని కంపెనీలు ఆఫీసర్లకు ఒక మెనూ, వర్కర్లకు ఒక మెనూ అంటయి. స్వీటు ఎక్కువ తక్కువ పెట్టుకుంటే పెట్టుకోని గాని, మా సంఘం అన్నం, కూరలు రెండు రకాలుగ వండదు. ఇది మా పది మంది ఒప్పందం. మీ సంఘం ఇష్టం మీది.

ఆర్డర్లు ఏడాదంతా ఎట్ల దొరుకుతయో కూడా చెప్త. పెండ్లిళ్ల ముహూర్తాలున్న నెలల్ల ఊపిరాడది. ఆషాఢంల, మూఢంల ఒక్క పెండ్లి ఉండది. అప్పుడు ఖాళీగ కూసోవద్దు. కంపెనీల క్యాలెండర్ వేరే ఉంటది. మార్చి 4న భద్రతా దినోత్సవం, ఆ వారమంతా ఫ్యాక్టరీలల్ల సేఫ్టీ వారోత్సవాలు చేస్తరు. వెంటనే మార్చి 8 మహిళా దినోత్సవం. దసరాకు మిషన్లకు ఆయుధపూజ చేస్తరు, ప్రసాదం, పులిహోర ఆర్డర్లు ఉంటయి. బతుకమ్మ ఇప్పుడు ఆఫీసులల్ల కూడా ఆడుతున్నరు. పూలు తెచ్చుడు, బతుకమ్మ పేర్చుడు, సద్దులు, అన్నీ మనమే చేయొచ్చు. గునుగు, తంగేడు ఎక్కడ దొరుకుతయో ఈవెంటోళ్లకు తెల్వది, మనకు తెలుసు. పోయిన సారి ఒక ఆఫీసుల మేము ఐదు బతుకమ్మలు పేర్చి, సత్తుపిండి, నువ్వుల పిండి, పల్లీల పిండి చేసి, పాట కూడా మా అక్కలే ఎత్తుకున్నరు. వంటకన్నా దానికే ఎక్కువ మిగిలింది. డిసెంబరుల ఏడాది చివరి పార్టీలు. ఆషాఢంల మన బోనాల దావతులు ఎట్లనూ ఉంటయి.

మన చుట్టాల ఫంక్షన్లే అన్నింటికన్నా కష్టం. శ్రీమంతం, తొట్టెలు, ఓణీల ఫంక్షన్, పదో దినం. వంట కష్టం కాదు, పైసలు అడుగుడు కష్టం. మా మేనత్త బిడ్డ శ్రీమంతానికి కాగితం ముందట పెడితే, "నీకు నాకు కాగితమేందక్కా, నేను పరాయిదాన్నా?" అన్నది. నేనన్న, "నేను నీ అక్కనేనే, కాని పైసలు సంఘానివి. రేపు మీటింగుల రిజిస్టరు ముందట నేనేం చెప్పాలె?" అని. రెండు నెలలు మాట్లాడలేదు. పైసలు మాత్రం ఇచ్చింది. మొన్న బిడ్డకు తొట్టెల ఫంక్షన్ మాకే చెప్పింది. చుట్టాల దగ్గర మిగిలిన పైసలు వడ్డన కంటే ముందే తీసుకోవాలె. తిన్నంక అడిగితే ఉప్పు తక్కువయిందంటరు.

పెండ్లి కార్డులు ఎన్ని పంచిండ్రో చూసి మనుషుల లెక్క వేయొద్దు. మంచి ముహూర్తం ఉన్ననాడు ఒక్కొక్కరికి నాలుగు పెండ్లిళ్లుంటయి, ఒక దగ్గర కట్నం చదివించి ఇంకో దగ్గర తింటరు. ఆ రోజు చుట్టుపక్కల హాళ్లల్ల ఎన్ని పెండ్లిళ్లున్నయో కనుక్కోండి.

ఇగ రాత్రి పనుల సంగతి. ఇది పైసల కన్నా ముఖ్యం, కాని ఎవరూ మాట్లాడరు. ఫాంహౌజులల్ల, రిసార్టులల్ల మందు పార్టీలుంటయి. మేము అట్లాంటి కాడ వడ్డన చేయం. వండి, బండిల పంపి, సామాను తెల్లారి తెచ్చుకుంటం. ఎక్కడైనా సరే గిన్నెలు కడిగే కాడ ఒక్కతే అక్కను వదిలిపెట్టం. రాత్రి పది దాటితే మైకులు, డీజే బందు పెట్టాలని ఎట్లనూ రూలు ఉన్నది, వడ్డన కూడా ఆ టైముకే బందు అని కాగితంల రాస్తం. ఇంటికి తెచ్చే బండి డ్రైవరు మనకు తెలిసినోడై ఉండాలె, బండి కిరాయి ప్లేటు రేటులనే కలుపుకోవాలె. నేను గిన్నెలు కడిగే రోజులల్ల రాత్రి ఒంటిగంటకు హైవే మీద ఆటో కోసం నిలబడ్డ. ఆ భయం మా సంఘంల ఇంకెవరికీ వద్దనుకున్న.

చెత్త గురించి ఒక్క మాట. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి బందయినయి. మోదుగాకు విస్తర్లు కుట్టే సంఘాలు మన దగ్గరనే ఉన్నయి, వాళ్ల దగ్గర తీసుకుంటే మన పైస మన దగ్గరనే తిరుగుతది. మిగిలిన అన్నం మూటలు గట్టి శామీర్‌పేట చెరువు గట్టు మీద పారేసిపోయేటోళ్లను నేను కండ్లార చూసిన. దయచేసి మన సంఘాల బండ్లు ఆ పని చేయొద్దు. వేడిగ ఉన్నప్పుడే పక్కకు తీసిపెడితే తినేటోళ్లు ఉంటరు, ఎంగిలయింది పశువులున్నోళ్లు తీసుకపోతరు. ముందుగ ఫోన్ చేసి పెట్టుకోవాలె, అంతే.

పైసలు ఎట్ల పంచుకుంటరని పోయినసారి ఒక అక్క అడిగింది. ముందుగ ఖర్చులు తీస్తం. తర్వాత పనికి వచ్చిన ప్రతి అక్కకు కూలి, అందరికీ ఒక్కటే, లీడర్‌నని నాకు ఎక్కువ లేదు. మిగిలిన దాంట్ల సగం సంఘం ఖాతాల, సగం పది మందికి సమానం. రానోళ్లకు కూలి ఉండది, వాటా ఉంటది. కమ్మలు కుదువ పెట్టిన ఇద్దరు అక్కల కమ్మలు రెండు ఆర్డర్లకే విడిపించినం. అదే మొట్టమొదట చేసినం.

మా ఒక్క పేజీ కాగితం నమూనా సమాఖ్య ఆఫీసుల ఇచ్చిన. ఎవరికి కావాలన్నా జిరాక్సు తీసుకోండి, మీ సంఘం పేరు రాసుకోండి. పాన్ కార్డు లేని సంఘాలు ఈ రోజే మీ వీవోఏకు చెప్పండి.

ఆఖరు మాట. నష్టం చేసిన ఆ కంపెనీ నుంచే మొన్న ఫోన్ వచ్చింది. అదే మేడం. "అక్కా, మావోళ్లు ఆ గుడ్డు కూర అడుగుతున్నరు, ఈసారి కూడా మీరే చేయాలె" అన్నది. ఎంతమంది అని అడిగిన. మూడు వందలన్నది. డ్రైవర్లు, సెక్యూరిటీ కలిపా అని అడిగిన. కొద్దిసేపు మాట్లాడలేదు. తర్వాత, "లెక్క చూసి చెప్త అక్కా" అన్నది. సాయంత్రం మెసేజ్ పెట్టింది, 385 అని. కాగితం పంపిన. ఇంకా సంతకం పెట్టి పంపలేదు. పంపితే పోతం, గుడ్లు ముందే చెప్పిపెట్టినం.